మ్యారో రిపోర్టులో రెండు బ్లాస్టు అంకెలున్నాయి, ఏది లెక్క?

ప్రశ్న: నాన్నగారికి 70 ఏళ్లు. ఎండీఎస్ (మజ్జలో రక్తకణాలు సరిగా తయారుకాని జబ్బు) అని తేలింది. రిపోర్టులో సెల్యులారిటీ 80 శాతం అని ఉంది. మజ్జ 80 శాతం పాడైందనా? బ్లాస్టులు (ఎదగని తొలిదశ రక్తకణాలు) స్లైడులో 4 శాతం, ఫ్లో సైటోమెట్రీలో (కణాలను యంత్రంతో లెక్కించే పరీక్ష) 2 శాతం. హిమోగ్లోబిన్ 8.6, ప్లేట్‌లెట్లు 92 వేలు, న్యూట్రోఫిల్స్ (ఒక రకం తెల్లకణాలు) 1,400. క్రోమోజోములు మామూలుగానే ఉన్నాయట. డాక్టరుగారిని కలవడానికి ఇంకా పది రోజులుంది, నిద్ర పట్టడం లేదు.

జవాబు: ముందు ఆ 80 సంగతి. మజ్జలో కొవ్వు పోను కణాలు ఆక్రమించిన చోటు అది. వందలోంచి వయసు తీసేస్తే ఉండవలసినది సుమారుగా వస్తుంది, అంటే ఆయనకు 30. మజ్జ కిక్కిరిసి ఉన్నా రక్తంలో కణాలు తక్కువ. పూత విరగబూసినా పిందె నిలవని మామిడిచెట్టు లాంటిది: కణాలు పుడుతున్నాయి, ఎదగకముందే అక్కడే రాలిపోతున్నాయి. ఎండీఎస్ ముప్పును అంచనా వేసే 2012 నాటి ఐపీఎస్ఎస్-ఆర్ స్కోరులో సెల్యులారిటీకి మార్కులే లేవు.

బ్లాస్టులకు స్లైడు అంకెనే తీసుకోండి. ఫ్లో నమూనాలో తరచు రక్తం కలిసి పలచబడుతుంది. ఆ స్కోరులో బ్లాస్టులు 2 శాతం వరకు ఉంటే సున్నా మార్కులు, 2 దాటి 5 లోపు 1, 5 నుంచి 10 వరకు 2, ఆపైన 3. బ్లాస్టులు 20 శాతానికి చేరితే సాధారణంగా ఎక్యూట్ మైలాయిడ్ లుకేమియా (వేగంగా ముదిరే రక్త క్యాన్సర్) అంటారు. కాబట్టి ఇక్కడ 1. హిమోగ్లోబిన్‌కు 1, ప్లేట్‌లెట్లకు 0.5, న్యూట్రోఫిల్స్‌కు సున్నా. మామూలు క్రోమోజోములకూ 1 పడుతుంది, చాలామంది పొరబడేది ఇక్కడే. మొత్తం 3.5, మధ్యస్థ వర్గం. ఫ్లో అంకె వేసి ఉంటే 2.5తో తక్కువ ముప్పు వర్గంలో పడేవారు.

ప్రశ్న: మధ్యస్థం అంటే మూడేళ్లే అని చదివాను.

జవాబు: ఆ వర్గంలో సగం మంది మూడేళ్లు దాటారని దాని అర్థం. పైగా అవి వ్యాధి గతిని మార్చే చికిత్స తీసుకోనివారి లెక్కలు. ఆయనకు గడువు రాసినట్టు చదవకండి. అన్నట్టు, 8.6 రక్తం ఎక్కించాక వచ్చినదా?

ప్రశ్న: అవునండీ. అంతకుముందు 7.4.

జవాబు: అయితే 7.4నే వేయాలి. 8 లోపు కనుక 1.5, మొత్తం 4. వర్గం మాత్రం మారదు. 2022లో వచ్చిన ఐపీఎస్ఎస్-ఎం స్కోరు జన్యు మార్పులనూ కలుపుతుంది, ఆ పరీక్ష చేయించాలా అని డాక్టరుగారిని అడగండి. ఎక్కించకముందు రిపోర్టు కూడా ఫైలులో పెట్టుకుని వెళ్లండి.