గాలి వచ్చినప్పుడే తూర్పార... తర్వాతేంటి?

సైలోపక్క: హొసకోటె దగ్గర రెడీమిక్స్ కాంక్రీటు కలిపే ఆర్‌ఎమ్‌సీ ప్లాంటులో పని నాది. సిమెంటు పొడి తెచ్చే ట్యాంకరు, అదే బల్కర్, వచ్చి, ఆ పొడిని పైపులోంచి సైలోలోకి (నిల్వచేసే ఎత్తైన డబ్బాలోకి) ఊదే కంప్రెసర్ మొదలవగానే మా ఆపరేటర్ కన్నడంలో "గాళి బందాగ తూరికో" అంటాడు. మా నాయనమ్మ కూడా "గాలి వచ్చినప్పుడే తూర్పార..." అనేది. పట్టుకోవాలా, ఎత్తుకోవాలా? ప్రాస కలిసే రెండో సగం కూడా ఏదో ఉండేది. ఎవరికైనా గుర్తుందా?

అన్నానగరక్క: ఇక్కడ చెన్నైలో "కాట్రుళ్ళ పోదే తూట్రిక్కొళ్" అంటారు. రెండో సగం ఎప్పుడూ వినలేదు. మీ నాయనమ్మగారే కట్టి ఉంటారు.

మాలూరు మాస్టారు: అది తర్వాత. తూర్పు అంటే దిక్కే. తూర్పు గాలికి ఆరబోసేవారు, తూర్పు + ఆర.

శకటరేఫ: దిక్కయితే కన్నడంలో తూర్పుకి వాడే 'మూడణ' రావాలి కదా మాస్టారూ, 'తూరు' ఎందుకొచ్చింది? హళగన్నడంలో (పాత కన్నడంలో) తూఱు, తమిళంలో ఱకి ద్విత్వం, పలకడం 'ట్ర'. మనదీ బండిరే (ఱ) అని నా నమ్మకం.

మాలూరు మాస్టారు: మరి 'తూర్పెత్తు'లో 'పు' ఎక్కణ్ణుంచి ఊడిపడింది?

శకటరేఫ: తీరు తీర్పు, మారు మార్పు, ఓరు ఓర్పు. తూరు తూర్పు.

మాలూరు మాస్టారు: బాగుంది, నా పనే చేసిపెట్టారు. పొద్దు తూరి వచ్చే వైపు తూర్పు!

పోతనపిచ్చి: బండిర అన్నారు గనక, పోతన భాగవతంలో సుడిగాలై వచ్చి చిన్నికృష్ణుణ్ణి ఎత్తుకుపోయే రాక్షసుడు తృణావర్తుడి ఘట్టం:
సుడి యెఱుఁగని హరి సుడివడ
సుడిగాలి తెఱంగు రక్కసుఁడు విసరె వడిన్
రెండు పాదాల్లో రెండు బండిరలు, మూడు సుడులు. చదువుతుంటే నోరే తిరిగిపోతుంది. ఎత్తుకుపోతుండగా పిల్లవాడు కొండంత బరువెక్కుతాడు, ఇక గాలి వల్ల కాదు.

సైలోపక్క: అన్నా, దాన్నే మేం లైన్ చోక్ అంటాం, పైపు మూసుకుపోవడం. ట్యాంకు అడుగున గుడ్డలోంచి గాలి ఎక్కితే సిమెంటు నీళ్లలా పారుతుంది. డ్రైవర్ తొందరపడి వాల్వ్ ఎక్కువ తెరిచాడా, గాలి మోయగలిగినదానికి మించి సరుకు దిగుతుంది. వంపు దగ్గర కూలబడుతుంది. పోనీ ఒత్తిడి పెంచుదామా అంటే బల్కర్లకి మామూలుగా 2 బార్ దాటనివ్వరు. ఇక పైపు మీద సుత్తి దెబ్బలే.

శకటరేఫ: అయితే మీ ఆపరేటర్ సామెత అతకదు. తూర్పారబడితే పొట్టు ఎగిరి గింజ మిగలాలి. మీ పైపులో అంతా కలిసే పోతోంది.

సైలోపక్క: సైలో నెత్తిన బ్యాగ్ ఫిల్టర్ ఉందండీ. పిండి లోపల ఆగుతుంది, గాలి బయటికి పోతుంది. పొట్టు, గింజ విడిపోయేది అక్కడే. అది మూసుకుపోతే లోపల ఒత్తిడి పెరిగి రిలీఫ్ వాల్వ్ లేస్తుంది, ఆ పూట వీధంతా సిమెంటే.

మాలూరు మాస్టారు: ఆ ఫిల్టరు సైలోకి ఏ దిక్కున ఉంది నాయనా?

శకటరేఫ: మాస్టారూ!

సైలోపక్క: నెత్తి మీదే సార్. ఇంతకీ పట్టుకోవాలా, ఎత్తుకోవాలా?

పోతనపిచ్చి: ఆ కందంలో 'విసరె' చూడండి. గాలి విసిరిందనకుండా రక్కసుడు విసిరాడన్నాడు. గాలీ వాడే, విసిరేదీ వాడే.

అన్నానగరక్క: మాస్టారూ, పొద్దు తూరేది తూర్పు, పడేది పడమర సరే. తమిళంలో వడ అంటే ఉత్తరం కదా, మన వడగాలిలో 'వడ' ఉత్తరమా, ఎండా?

మాలూరు మాస్టారు: ఉత్తరమే. సందేహమేముంది?

శకటరేఫ: వడదెబ్బ కూడా ఉత్తరం నుంచే తగులుతుందా?