విశాఖ కురుపాం మార్కెట్లో బంగారం పనికి కూర్చున్నా, 280 మిల్లీగ్రాములు ఎటు పోయింది?

గాజువాక_గుంటడు:
నాన్న దగ్గర ఆరేళ్లు చేశాను, ఇప్పుడే సొంతంగా జాబ్‌వర్క్ మొదలెట్టాను. ఒక షాపు వాళ్లు 40 గ్రాముల 22 క్యారెట్ల బిళ్ల ఇచ్చారు. గాజులు, మిగులు ముక్కలు కలిపి 39.520 వచ్చింది. ఒప్పుకున్న తరుగు 200 మిల్లీ పోనూ ఇంకో 280 తక్కువని మజూరీలో కోసేశారు. నేనైతే చిటికెడు కూడా తియ్యలేదు. రెండు రోజులుగా నిద్ర లేదు.

కమ్మచ్చు:
తమ్ముడూ, అతుకులకి వాడిన టంకం బరువు రాశావా? అది కూడా గాజుల్లోనే కలిసింది కదా, అంటే నీ చేతిలో పోయింది 280 కన్నా ఎక్కువే. కరిగించాక ఒకసారి, తీగ లాగాక ఒకసారి, ఆకురాయి పట్టాక, పాలిష్‌కి ముందు, తర్వాత, ఇలా ప్రతిసారీ తూచి నోట్‌బుక్కులో రాసుకో, పోయింది ఎక్కడో అదే చెబుతుంది. పాలిష్ బయట వేయించావా?

గాజువాక_గుంటడు:
అవునన్నా. తూచకుండానే ఇచ్చాను.

కమ్మచ్చు:
అదీ సంగతి. బఫ్ చక్రం తినేది తక్కువేం కాదు, ఆ దుమ్ము పాలిష్ వాడి దగ్గరే ఉండిపోతుంది. నీ బల్ల కింద రాలిన బంగారపు పొడి, అదే రజను, కూడా వదలకు. చేతులు కడిగిన నీళ్లు తొట్టిలోనే ఉంచు, ఎమెరీ కాగితాలు, చీపురు చెత్త ఒక డబ్బాలో వేసి ఆరు నెలలకోసారి కాల్చి బంగారం తీయించు. షాపుల ముందు కాలవ మట్టి ఎత్తుకెళ్లేవాళ్లు మనమీద ప్రేమతో ఎత్తడం లేదు.

వన్‌టౌన్_అక్క:
షాపు కౌంటర్ వైపు నుంచి ఒక మాట. బంగారం తీసుకునేటప్పుడు వాళ్ల కాటా మీదా, ఇంటికెళ్లి నీ కాటా మీదా తూచు, తేడా ఉంటే అప్పుడే ఫోన్ చెయ్యి. బరువు, క్యారెట్, తరుగు ఎంతో చీటీ మీద రాయించుకో, ఎంత తెలిసినవాళ్లైనా సరే. పాత నగ మీద 22 క్యారెట్లని చెప్పే 916 ముద్ర ఉంది కదా అని నమ్మి కరిగించకు. ఎవరైనా కొట్టుకోగల ముద్ర అది. నగ మీద హాల్‌మార్క్ నంబరు, అదే ఆరు అక్షరాల హెచ్‌యూఐడీ, ఉంటే బీఐఎస్ కేర్ యాప్‌లో చూడొచ్చు, లేకపోతే గీటురాయి మీద గీటు పెట్టో మెషిన్ మీదో స్వచ్ఛత చూపించి, రాళ్లు, లక్క తీసేశాక బరువు కస్టమర్‌కి చూపించి అప్పుడు కరిగించు. ముక్కూ మొహం తెలియనివాళ్లు తెచ్చింది అసలు ముట్టుకోకు బాబూ, దొంగసొత్తైతే స్టేషన్ చుట్టూ తిరగాల్సింది నువ్వే.

ఊదుగొట్టం:
డబ్బు సంగతి సరే, కాడ్మియం టంకం జోలికి వెళ్లకండి. తొందరగా కరుగుతుంది, అతుకు నీట్‌గా వస్తుంది, అందుకే కొందరు ఇంకా వదలరు. ఆ పొగ ఊపిరితిత్తులనీ కిడ్నీలనీ తినేస్తుంది. నేను తలుపులు మూసి ఒక రోజంతా చేస్తే రాత్రికి చలిజ్వరం, ఛాతీలో మంట, కేజీహెచ్ ఆసుపత్రికి పరుగు. ఎగ్జాస్ట్ ఫ్యాన్ పెట్టించాకే మళ్లీ మంట ముట్టించాను. ఇంకోటి, ఆసిడ్ కలిపేటప్పుడు నీళ్లలో ఆసిడ్ పొయ్యాలి, ఆసిడ్‌లో నీళ్లు కాదు. మా తమ్ముడి చెయ్యి చూస్తే మీరే మానేస్తారు.

కమ్మచ్చు:
ఫ్యాన్ అంటే గుర్తొచ్చింది. గుంటడూ, కాటా ఎక్కడ పెట్టావు?

గాజువాక_గుంటడు:
కిటికీ పక్కన. పైన ఫ్యాన్ తిరుగుతూనే ఉంటుంది, ఈ ఉక్కపోతకి ఆపలేం కదా.

కమ్మచ్చు:
మిల్లీలు చూసే కాటాని సముద్రపు గాలికి పెట్టి నిద్ర పట్టడం లేదంటావేంటి! కిటికీ మూసి, ఫ్యాన్ ఆపి, కాటా మట్టం చూపే బుడగ మధ్యకి వచ్చిందో లేదో చూసి, తూకపు రాయితో సరిచూసి మళ్లీ తూచు.

గాజువాక_గుంటడు:
మిగులు ముక్కలు ఇంకా ఇవ్వలేదు, ఇప్పుడే తూచాను. నేను రాసుకున్నదాని కన్నా 40 మిల్లీ ఎక్కువొచ్చింది. బల్ల కింద తట్ట దులిపితే రజను ఇంకో 110 దొరికింది. మిగతాదానికి రేపు పాలిష్ అన్న దగ్గరికి వెళ్తున్నా.