అడ్మిషన్ కంట్రోల్‌ని తెలుగులో ఏమనాలి?

నెట్‌వర్కింగ్ పాఠం ఒకటి తెలుగులో రాస్తున్నానండీ, అడ్మిషన్ కంట్రోల్ దగ్గర ఆగిపోయా. ప్రవేశ నియంత్రణ అందామంటే ఆ మాట యాక్సెస్ కంట్రోల్‌కి వాడేశా. రెండూ ఒకటేనా? బెజవాడ, గుంటూరు వైపు టెలిఫోన్స్‌లో చేసినవాళ్లెవరైనా ఉంటే చెప్పండి.

— ఒకటి ఎలా అవుతాయండీ. గాంధీనగరంలో సినిమాకెళ్లారనుకోండి, పెద్దలకు మాత్రమే అన్న సినిమాకి పిల్లాణ్ణి గేటు దగ్గర ఆపితే అది యాక్సెస్ కంట్రోల్. హౌస్‌ఫుల్ బోర్డు పెడితే అడ్మిషన్ కంట్రోల్, మీరెవరైనా సరే సీటు లేదు అంతే. లెక్క చూడండి, మాటని డేటాగా మార్చే జి.711 పద్ధతిలో వాయిస్ కాల్‌కి మాటకే సెకనుకి 64 కిలోబిట్లు, ప్రతి ప్యాకెట్ మీదా అడ్రసు అవీ రాసే ఐపీ హెడర్లు కలిస్తే దాదాపు 80. కాల్స్‌కని 800 కిలోబిట్లు పక్కన పెడితే పది కాల్స్ పడతాయి, పదకొండోదాన్ని కూడా రానిచ్చామా అదొక్కటే కాదు మొత్తం పదకొండూ ముక్కలుముక్కలుగా వినపడతాయి, అందుకే దానికి ఎంగేజ్ టోన్ ఇచ్చి పంపేస్తారు.

— మరి ఇంటర్నెట్‌లో ఎవర్నీ ఆపరు కదన్నా?

— మామూలు డేటాకి ఆపరు తమ్ముడూ, రద్దీ అయితే డేటాని చేరవేసే టీసీపీ అనే ప్రోటోకాల్ ఎవరికి వాళ్లు స్పీడు తగ్గించుకునేలా చేస్తుంది. దానికా తెలివి రాకముందు 1986లో అమెరికాలో బర్క్‌లీ దగ్గర సెకనుకి 32 కిలోబిట్లు వెళ్లే చోట 40 బిట్లకి పడిపోయింది, కిలో కూడా కాదు, ఉత్త బిట్లు! డౌన్‌లోడ్ లేటైతే ఓర్చుకుంటాం, ఫోన్లో మాట సగం సగం వస్తే ఏం చేస్తాం? దారిలో ఉన్న రౌటర్లన్నిట్నీ ముందే చోటు అడిగే ఆర్‌ఎస్‌వీపీ 1997లో వచ్చింది గానీ, ఒక్కో కనెక్షన్ లెక్క ప్రతి రౌటరూ గుర్తుపెట్టుకోవాలంటే పెద్ద నెట్‌లో కుదిరే పనా.

— టెలిఫోన్స్‌లో రిటైరయ్యానండి. మేం లైన్లన్నీ బిజీ అనేవాళ్లం, అంతకుమించి తెలుగు లేదు. ఇంత రద్దీకి ఇన్ని లైన్లుంటే వందకి ఎన్ని కాల్స్ తిరిగిపోతాయో డెన్మార్క్ గణితజ్ఞుడు ఎర్లాంగ్ 1917లోనే ఫార్ములా ఇచ్చాడు, ఇప్పటికీ అదే. మొబైల్‌లో ఇంకోటుంది, వారధి మీద మాట్లాడుతూ వెళ్తుంటే కాల్ ఒక టవర్ నుంచి ఇంకో టవర్‌కి మారాలి కదా, వాటికోసం కొన్ని ఛానళ్లు అట్టిపెట్టి కొత్త కాల్‌కి లేదనొచ్చు. కొత్తది దొరక్కపోయినా పర్లేదు, నడిచేది తెగితేనే జనానికి కోపం.

— చేరిక నియంత్రణ అంటే?

— ఎలక్షన్ల ముందు పార్టీలో చేరికల్లా ఉంది బాబూ 😄

— సరే, హెడ్డింగ్‌లో అడ్మిషన్ కంట్రోల్ అనే ఉంచి, కింద "చోటు చూసుకుని కొత్త కనెక్షన్ని రానివ్వడం" అని రాస్తున్నా. టవర్ మారే హ్యాండాఫ్‌కి అప్పగింత అనొచ్చా మాస్టారూ?

— అనండి, కాకపోతే అప్పగింతలంటే మా ఆవిడ కళ్లు తుడుచుకుంటుంది.