క్రాక్స్ వేసుకుని ఫంక్షన్‌కి రావచ్చా?

పాదరసం: ఆఫీసు ఫంక్షన్లకి కూడా క్రాక్స్ వేసుకొచ్చేస్తున్నారు. పడవల మీద కాలు జారకుండా ఉండటానికి 2002లో వచ్చిన చెప్పు అది. ఆ రబ్బరు డిప్పలకి మందపాటి ఎత్తు సోల్ పెట్టి 2017లో ఫ్యాషన్ కంపెనీ బాలెన్సియాగా ర్యాంప్ ఎక్కించినంత మాత్రాన అందం వచ్చేస్తుందా? మంచి బట్టలు కట్టుకున్నప్పుడు హీల్సే వేసుకోవాలి.

నీలిమేఘం: అది రబ్బరు కాదండీ, క్రాస్‌లైట్ అనే ఫోమ్. అందుకే అంత తేలిక. ఇక హీల్స్ సంగతి. మడమ లేచేకొద్దీ ఒంటి బరువంతా వేళ్ళ మొదళ్ళ మీద పడుతుంది. ఏళ్ళ తరబడి వేసుకుంటే పిక్కలు బిగుసుకుపోయి, చివరికి ఫ్లాట్స్ వేసుకున్నా నొప్పే.

చిరుగాలి: వెడల్పు మడమ ఉండే బ్లాక్ హీల్స్ వేసుకోండి, గొడవ వదిలిపోతుంది.

పాదరసం: అదే నేననేది. బ్లాక్ హీల్‌నీ పెన్సిల్ హీల్‌నీ నీలిమేఘం గారు ఒకే గాటన కట్టేశారు.

నీలిమేఘం: బ్లాక్ హీల్‌లో మడమ ఊగదు, అంతే. ఎత్తు ఒకటే అయితే బరువు పడేది వేళ్ళ మీదే.

ఎర్రమందారం: అసలు హీల్స్ ముందు మగవాళ్ళవి. పర్షియా రౌతులు రికాబులో కాలు నిలవడానికి వేసుకునేవారు. ఫ్రాన్సు రాజు పద్నాలుగో లూయీవి ఎర్ర మడమలు.

పాదరసం: చరిత్ర ఎవరడిగారండీ? నచ్చనివాళ్ళు వేసుకోకండి. నాకు పాఠాలెందుకు?

నీలిమేఘం: వేసుకోకండి అనడం మీకు తేలిక. నేను ఫ్రంట్ డెస్క్‌లో చేశాను. నల్ల హీల్స్ తప్పనిసరి, రోజంతా నిలబడే ఉండాలి. ఇంటికొచ్చి సాక్స్ విప్పబోతే చిటికెన వేలి మీద పొక్కు చితికి, గుడ్డకి అంటుకుపోయి ఉండేది. మేనేజరుతో మొరపెట్టుకుంటే పక్క సీటు అమ్మాయిని చూపించి, "తను ఇష్టంగా వేసుకోవట్లేదా, నీకేం?" అన్నాడు. లండన్‌లో ఫ్లాట్స్ వేసుకొచ్చిందని నికోలా థార్ప్ అనే రిసెప్షనిస్టుని పనిలోంచి ఇంటికి పంపేశారు. ఆమె 2016లో పిటిషన్ పెడితే లక్షన్నర మందికి పైగా సంతకం చేశారు, పార్లమెంటులో చర్చ కూడా జరిగింది. కొత్త చట్టం మాత్రం రాలేదు. ఫిలిప్పీన్స్ నయం, హీల్స్ తప్పనిసరి చెయ్యకూడదని 2017లో ఉత్తర్వే ఇచ్చింది.

పాదరసం: ఆ పక్క సీటు అమ్మాయి కోపం నా మీద తీర్చుకుంటున్నారు. నా పాదం సైజు 42. ఏ షాపుకెళ్ళినా "ఈ సైజు జెంట్స్‌లో చూడండి" అనేవాళ్ళు, అదీ అందరికీ వినబడేలా. కాలేజీ చదువంతా మగవాళ్ళ శాండల్స్‌తోనే గడిచింది. ఎక్కడ కూర్చున్నా పాదాలు కుర్చీ కిందికి తోసేసేదాన్ని. ఉద్యోగం వచ్చాక కొలతలిచ్చి హీల్స్ చేయించుకున్నాను. ముందు సన్నగా, మడమ దగ్గర చిన్న బకిల్. ఆ రోజే పాదాలు బయటపెట్టి కూర్చున్నాను. క్రాక్స్ చూస్తే ఇప్పటికీ ఆ జెంట్స్ శాండల్సే గుర్తొస్తాయి.

చిరుగాలి: ఎండలో వదిలేస్తే క్రాక్స్ కుంచించుకుపోతాయట, నిజమేనా?

నీలిమేఘం: మీ హీల్స్ తీసెయ్యమని నేనెక్కడా అనలేదు, పాదరసం గారూ. కానీ మీ మొదటి పోస్టు ఇంకోసారి చదవండి. "హీల్సే వేసుకోవాలి" అన్నారు. మా మేనేజరూ అదే అన్నాడు.

పాదరసం: వాడికి ఉద్యోగం తీసేసే అధికారం ఉంది. నాకున్నది అభిప్రాయం. రెండూ ఒకటెలా అవుతాయి?

నీలిమేఘం: వాడు చూపించింది మీలాంటివాళ్ళ అభిప్రాయాన్నే.

పాదరసం: అందుకని నేను నోరు మూసుకోవాలా? ఎవరినీ ఫంక్షన్ నుంచి పంపెయ్యమనను. బాగుందని మాత్రం అనను.