ఎరుపు క్రిప్టోనైట్ ఏం చేస్తుంది?

మా అబ్బాయికి సూపర్‌మ్యాన్ పాత కామిక్స్ చదివి వినిపిస్తున్నాను. సూపర్‌మ్యాన్‌ని దెబ్బతీసే రాయి క్రిప్టోనైట్ కదా, అందులో ఆకుపచ్చదాని సంగతి వాడికి తెలుసు. ఎరుపు, బంగారు రంగువి వచ్చేసరికి తికమకపడుతున్నాడు. ఏది ఏం చేస్తుందో కాస్త చెప్తారా?

జవాబు 1:
ఆకుపచ్చది దగ్గరికొస్తే నీరసం, ఎక్కువసేపుంటే ప్రాణానికే ముప్పు. మధ్యలో సీసం అడ్డుపెడితే ఏమీ కాదు. బంగారు రంగుదైతే శక్తులు శాశ్వతంగా పోతాయి. నాకు మాత్రం ఎరుపుదంటేనే ప్రాణం. అదెప్పుడేం చేస్తుందో ఎవరూ చెప్పలేరు. 1963 కథలో సూపర్‌మ్యాన్ తల అచ్చం చీమ తలైపోతుంది! ఒకట్రెండు రోజుల్లో తగ్గిపోతుంది, అదే ముక్క మళ్లీ అతని మీద పనిచేయదు. అంటే ప్రతి ముక్కకీ కొత్త కథ రాసుకోవచ్చు. ఎంత మంచి ఆలోచన!

జవాబు 2:
అసలు క్రిప్టోనైట్ ముందు వచ్చింది 1943లో, రేడియో నాటకంలో. కామిక్స్‌లోకి 1949లో వచ్చింది. బాబుకి 1971 నాటి కథ తప్పకుండా చదివి పెట్టండి. భూమ్మీది క్రిప్టోనైట్ అంతా ఇనుమైపోతే, సూపర్‌మ్యాన్ ఓ ముక్క నోట్లో వేసుకుని నమిలేస్తాడు.

జవాబు 3:
సెర్బియాలో నిజంగా దొరికిన జాడరైట్ అనే ఖనిజం గురించి కూడా చెప్పండి. 2006 సూపర్‌మ్యాన్ సినిమాలో పెట్టె మీద రాసిన క్రిప్టోనైట్ ఫార్ములాకి చాలా దగ్గర, ఫ్లోరిన్ ఒక్కటే లేదు. రంగు మాత్రం తెలుపు. అందులో లిథియం, బోరాన్ ఉన్నాయి.