అప్‌డేట్: 'రీచ్డ్ టు కోఠి' ఎందుకు తప్పో తేలింది

"ఐ రీచ్డ్ టు కోఠి" ఎందుకు తప్పని అడిగాను కదా, జవాబు దొరికింది. తప్పంతా మన 'కి'ది. కోఠికి చేరాం అంటాం కాబట్టి 'టు' దూరిపోతోంది. ఇంగ్లిష్‌లో రీచ్‌కి కోఠి నేరుగా కర్మ (ఆబ్జెక్ట్), మధ్యలో 'టు' లాంటి ప్రిపొజిషన్ పట్టదు. అదే 'వెంట్' కర్మ తీసుకోదు, అక్కడ కోఠి ముందు 'టు' ఉండాల్సిందే. 'డిస్కస్ అబౌట్'దీ ఇదే జబ్బు: 'గురించి' డిస్కస్‌లోనే ఉంది.

పోనీ తెలుగులో 'ని, ను' చూసి కర్మను పట్టుకుందామా అంటే, "ఆటోవాణ్ణి పిలిచాను"లో కనబడుతుంది, "చాయ్ తాగాను"లో మాయం. రెండూ కర్మలే. అందుకే క్రియను 'ఏమిటి, ఎవరిని' అని అడగడం మేలు. రీచ్ లాంటివి మాత్రం బట్టీయే.

ఇంకో మెలిక: "షి బికేమ్ ఎ డాక్టర్"లో 'ఏమిటి' అని అడిగితే డాక్టర్ అనే వస్తుంది, అయినా అది కర్మ కాదు. ఆమే డాక్టర్. "షి మెట్ ఎ డాక్టర్"లో ఇద్దరు మనుషులు, కాబట్టి కర్మే.