అప్‌డేట్: వేలిముద్ర సమ్మతి గొడవ తీరింది, ఎథిక్స్ కమిటీ ఆమోదం వచ్చింది

మా పరిశోధన కోసం కూకట్‌పల్లి అడ్డా కూలీలతో ఇంటర్వ్యూలు చేయాలి, చదువురాని వాళ్ల దగ్గర సమ్మతి ఎలా తీసుకోవాలి, పరిశోధనలకు అనుమతిచ్చే ఎథిక్స్ కమిటీ ఫైల్ వెనక్కి పంపింది అని ఇంతకుముందు ఇక్కడ టెన్షన్‌తో అడిగాను కదా. ఆమోదం వచ్చేసింది. జవాబిచ్చిన అందరికీ థ్యాంక్స్.

మీరిచ్చిన వాటిలో పనికొచ్చింది, సమ్మతి తీసుకునేటప్పుడు ఒక సాక్షిని పెట్టమన్న సలహానే. ఐసీఎంఆర్ (భారత వైద్య పరిశోధన మండలి) 2017 మార్గదర్శకాల ప్రకారం సమాచార పత్రం చదివి వినిపించి, వేలిముద్ర తీసుకోవాలి. పరిశోధనతో సంబంధం లేని సాక్షి పక్కనుండి సంతకం చేయాలి. మేస్త్రీని సాక్షిగా పెట్టమని ఇద్దరు ముగ్గురు అన్నారు, కమిటీ మేడమ్ ఒప్పుకోలేదు. పని ఇచ్చేవాడు ఎదురుగా నిలబడితే కూలీ కాదనగలడా? నిజమే. అందుకే అడ్డా దగ్గర టీ కొట్టాయన్ని అడిగాం. సమ్మతి అయ్యాక ఆయన వెళ్లిపోవాలి, ఇంటర్వ్యూ వినకూడదు. ఈ ముక్క కూడా పత్రంలో రాయించారు.

ఇంటర్వ్యూ వల్ల వాళ్లు పోగొట్టుకున్న కూలి డబ్బులు మేమిస్తే ప్రలోభం అంటారేమో అనుకున్నా. మొత్తం ఎంతో ముందే రాసి చూపిస్తే అభ్యంతరం లేదన్నారు, మధ్యలో మానేసినా ఇవ్వాలన్నారు.

సీటీఆర్‌ఐ (క్లినికల్ ట్రయల్స్ నమోదు చేసే జాతీయ రిజిస్ట్రీ) రిజిస్ట్రేషన్ మాకు అక్కర్లేదు, మాది క్లినికల్ ట్రయల్ కాదు. ఇంటర్వ్యూల సంఖ్య తగ్గించమన్న సలహా కూడా అవసరం పడలేదు, దాని ఊసే ఎవరూ ఎత్తలేదు.